కంట్రోలర్‌కి ఇంకో కేబుల్ లాగే ముందు హ్యాష్ చూడండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ కానివ్వండి, ఎలక్ట్రానిక్ సిటీ కానివ్వండి, ఆఫీసు వైఫై నెమ్మదించగానే వచ్చే మొదటి మాట ఇదే: "కంట్రోలర్ అప్‌లింక్ చాలట్లేదు, ఇంకో మూడు పోర్టులు కలిపేయండి." (కంట్రోలర్ అంటే ఆఫీసులోని వైఫై యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే పెట్టె, అప్‌లింక్ అంటే దాన్ని స్విచ్‌కి కలిపే లింకు.) కలిపేస్తారు. ఒక గిగాబిట్ కాస్తా నాలుగయిందని మెయిల్ కూడా వెళ్ళిపోతుంది. సోమవారం పొద్దున పదకొండయ్యేసరికి మళ్ళీ అదే గొడవ. ఆ తర్వాత పెద్ద కంట్రోలర్‌కి కొటేషన్. స్విచ్‌లో ఒక్క లైను మారిస్తే తీరే దానికి కంపెనీ డబ్బు ఇలా పోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

నాలుగు పోర్టులు కలిపితే నాలుగు గిగాల పైపు రాదు. ఒక గిగా దారులు నాలుగు వస్తాయి, అంతే. ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో స్విచ్‌లోని హ్యాష్ (ప్యాకెట్ అడ్రసుల మీద వేసే చిన్న లెక్క) తేలుస్తుంది. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ టోల్‌నే తీసుకోండి. నంబరు ప్లేటులో మొదటి రెండు అక్షరాలు చూసి కౌంటర్ కేటాయిస్తే, 'కేఏ' బళ్ళన్నీ ఒకే వరసలో నిలబడతాయి. మిగతా కౌంటర్లు తెరిచున్నా ఖాళీయే. ప్లేటులోని చివరి అంకె చూస్తే బళ్ళు అన్ని వరసలకీ సర్దుకుంటాయి.

సిస్కో క్యాటలిస్ట్ 2960, 3560, 3750 లాంటి పాత స్విచ్‌లలో డిఫాల్ట్ హ్యాష్ సోర్స్ మ్యాక్, అంటే ఫ్రేమ్ పంపిన పరికరం హార్డ్‌వేర్ అడ్రసు. యాక్సెస్ పాయింట్లు ఒక వీల్యాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్), కంట్రోలర్ మేనేజ్‌మెంట్ ఇంకో వీల్యాన్‌లో ఉంటే, యాక్సెస్ పాయింట్ల నుంచి కంట్రోలర్‌కి వచ్చే క్యాప్‌వాప్ డేటా (యూడీపీ 5247) అంతా గేట్‌వే (వీల్యాన్లని కలిపే రూటర్) దాటే రావాలి. దాటగానే ప్రతి ఫ్రేమ్ మీదా సోర్స్ మ్యాక్ గేట్‌వేదే. అరవై యాక్సెస్ పాయింట్లున్నా హ్యాష్ కంటికి ఒక్కటే! ఆ ట్రాఫిక్ అంతా ఒక్క పోర్టు మీద పడుతుంది. గ్రాఫులో ఒక పోర్టు నెత్తిన 95 శాతం, మిగతా మూడింట్లో 2, 3 శాతం కనబడితే రోగం ఇదే.

మందు: గ్లోబల్ కాన్ఫిగ్‌లో 'పోర్ట్-ఛానల్ లోడ్-బ్యాలెన్స్ ఎస్‌ఆర్‌సీ-డీఎస్‌టీ-ఐపీ', అంటే పంపేవాడి, అందుకునేవాడి ఐపీ అడ్రసులు రెండూ చూసే హ్యాష్. ఇది ఆ స్విచ్‌లోని పోర్ట్-ఛానళ్ళన్నిటికీ (కలిపిన పోర్టుల బండిళ్ళు) వర్తిస్తుంది కాబట్టి రాత్రి పూట మార్చండి. లేయర్ 4 పోర్టు నంబర్లు కలిపిన హ్యాష్ వైపు మాత్రం తొందరపడొద్దు. క్యాప్‌వాప్ ప్యాకెట్ ముక్కలైతే మొదటి ముక్కలోనే యూడీపీ హెడర్ ఉంటుంది, మిగతావి వేరే దారి పట్టే ప్రమాదముంది.

ఎన్ని పోర్టులు? రెండు, నాలుగు, ఎనిమిది. ఈ పాత స్విచ్‌లలో హ్యాష్‌కి ఎనిమిది గడులే. మూడు లింకులు పెడితే పంపకం 3:3:2. దీని గురించి ఎవరూ చెప్పరు.

ఇంకో లెక్క. సెంట్రల్ స్విచింగ్‌లో యూజర్ డేటా కంట్రోలర్‌లోకి వచ్చి, మళ్ళీ అదే బండిల్ మీద బయటికి పోతుంది. డౌన్‌లోడ్ 600 మెగాబిట్లు, అప్‌లోడ్ 300 ఉంటే, లోపలికి 900, బయటికి 900. "డౌన్‌లోడ్ ఆరొందలే కదా, ఒక గిగా చాలు" అనుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. బ్రాంచిలో ఇంటర్నెట్ అక్కడే దిగుతుంటే ఆ సైట్‌కి ఫ్లెక్స్‌కనెక్ట్ లోకల్ స్విచింగ్ పెట్టండి. ఆ డేటా కంట్రోలర్ గడప తొక్కదు.

ఇక కలిపే పద్ధతి. 2504, 5508, 5520 లాంటి ఎయిర్‌ఓఎస్ (సిస్కో పాత కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్) కంట్రోలర్లకి ఎల్‌ఏసీపీ (రెండు వైపులా మాట్లాడుకుని బండిల్ కట్టే పద్ధతి) రాదు. స్విచ్ వైపు 'ఛానల్-గ్రూప్ 1 మోడ్ ఆన్' ఇవ్వాలి. అలవాటు కొద్దీ 'యాక్టివ్' కొట్టారో, బండిల్ నిలబడదు. ముందు స్విచ్ పోర్టులు షట్ చెయ్యండి. కంట్రోలర్‌లో 'కాన్ఫిగ్ ల్యాగ్ ఎనేబుల్' (ల్యాగ్ అంటే బండిలే), సేవ్, రీబూట్. డైనమిక్ ఏపీ-మేనేజర్ ఇంటర్‌ఫేస్‌లు (యాక్సెస్ పాయింట్లతో మాట్లాడే అదనపు ఇంటర్‌ఫేస్‌లు) దీంతో పోతాయి, ముందే కాన్ఫిగ్ బ్యాకప్ తీసుకోండి. రీబూట్ పూర్తయ్యాకే నో షట్. వరస తప్పి స్విచ్ ఒక్కటే బండిల్ అనుకుంటే సగం ప్యాకెట్లు ఏమయ్యాయో తెలీదు. 'షో ఈథర్‌ఛానల్ సమ్మరీ'లో ఛానల్ పక్కన 'ఎస్‌యూ', ప్రతి పోర్టు పక్కన పెద్ద 'పీ' ఉండాలి. చిన్న 'ఎస్' కనబడితే ఆ పోర్టు సస్పెండ్ అయింది. ఎక్కువసార్లు కారణం అలౌడ్ వీల్యాన్ లిస్టు (ఆ పోర్టు పోనిచ్చే వీల్యాన్లు) మిగతావాటితో కలవకపోవడమే.

క్యాటలిస్ట్ 9800 కంట్రోలర్ ఉంటే రెండు వైపులా ఎల్‌ఏసీపీ యాక్టివ్ పెట్టండి. ప్యాచ్ ప్యానెల్లో కేబుల్ తప్పు పోర్టుకి పోయినా స్టాటిక్ మోడ్‌కి (పైన చెప్పిన 'ఆన్') తెలీదు, లైటు పచ్చగానే వెలుగుతుంది. ఎల్‌ఏసీపీ అయితే ఆ పోర్టుని చేర్చుకోదు. హెచ్‌ఏ జంటలో (ఒకటి పడితే ఇంకోటి అందుకునే రెండు కంట్రోలర్లు) మాత్రం ఒక్కో బాక్సుకి ఒక్కో పోర్ట్-ఛానల్ పెట్టాలి. రెండు బాక్సుల కేబుళ్ళూ ఒకే ఛానల్లో గుచ్చడం చాలాచోట్ల జరుగుతున్న తప్పు. రెండు ఛానళ్ళ కాన్ఫిగూ అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే ఫెయిలోవర్ అయిన రోజునే ఆ తేడా బయటపడుతుంది.