పాతిక రంగుల ఇన్‌బాక్సు

మెయిళ్లను ఫోల్డర్లలో దాచుకునే అనాగరిక జాతి మీద మా ఆఫీసు యుద్ధం ప్రకటించింది. ఇకపై ఫోల్డర్లుండవు. ప్రతి మెయిల్‌కీ ఒక రంగు కేటగిరీ తగిలించాలి, మిగతాదంతా రూల్స్, అంటే మెయిల్ రాగానే వాటంతటవే పనిచేసే ఆదేశాలు, చూసుకుంటాయి. ఈ ఉత్తర్వు మెయిల్లోనే వచ్చింది, సంబంధం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ సీసీలు పెట్టి మరీ.

శాస్త్రీయ ఆధారం లేదనుకునేరు. 2011లో ఐబీఎం పరిశోధకులు 345 మందిని పరిశీలించారు. పాత మెయిల్ ఒకటి ఫోల్డర్లలో తవ్వి తీయడానికి సగటున 58 సెకన్లు పట్టింది, సెర్చ్‌లో 17. స్లైడు మీద ఈ అంకెలు చూసి అందరం తలలూపాం. అక్కడ గెలిచింది సెర్చ్ కదా, రంగులెక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. అప్రైజల్ నెల మరి.

ఆ 41 సెకన్లు మిగుల్చుకోవడానికి మధ్యాహ్నమంతా సమావేశం. మా మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్‌లో రంగులు 25. ఎరుపు మాదంటే మాదని ఫైనాన్సూ టెస్టింగూ పట్టుబట్టాయి. చివరికి ఫైనాన్స్‌కి ఎరుపు, టెస్టింగ్‌కి ముదురెరుపు, క్లయింటు తిట్లకి మెరూన్ ఖాయం చేశారు. తన స్క్రీన్ మీద మూడూ ఒకేలా ఉన్నాయని ఒకాయన మొరపెట్టుకుంటే, మానిటర్ మార్చుకోమన్నారు. జీతాలకి డార్క్ పీచ్ దక్కింది. "డార్క్ స్టీల్ అంటే ఏ రంగండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. బూడిదకీ ముదురు బూడిదకీ నడుమ ఏదో ఉంటుందని సమాధానం. ఒక మెయిల్‌కి ఎన్ని కేటగిరీలైనా పెట్టొచ్చని తెలిశాక ఇక పట్టపగ్గాల్లేవు. వారం తిరక్కుండా ఇన్‌బాక్సు సంక్రాంతి ముగ్గులా తయారైంది.

రంగుల గోలైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. రూల్స్ సంగతి అలా కాదు. ఫోల్డర్లోకి మెయిల్ లాగాలంటే కనీసం దాని మొహం చూడాలి. రూల్‌కి ఆ మొహమాటం లేదు. మా మేనేజర్ గారి రూల్ ఇది: తను సీసీలో ఉన్నవన్నీ చదివినట్టు గుర్తుపెట్టు, 'తర్వాత' అని రంగు వెయ్యి. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

కొత్తగా చేరిన కుర్రాడొకడు తండ్రిని ఆస్పత్రిలో చేర్చి, సెలవు కావాలని హెచ్‌ఆర్‌కి రాసి మేనేజర్‌కి సీసీ పెట్టాడు. హెచ్‌ఆర్ రూల్‌కి సబ్జెక్టులో 'లీవ్' అన్న మాట కనబడింది: పోర్టల్‌లో అప్లై చేయండి, శుభదినం! ఐసీయూ బయట నిలబడి ఆ కుర్రాడు చదువుకున్న జవాబు అది. మేనేజర్ పెట్టెలో ఆ మెయిల్ 'చదివినట్టే' ఉంది. నెలాఖరుకి ఐదు రోజుల ఎల్ఓపీ, అంటే జీతం కోత.

అడిగితే, రూల్ పొరపాటండీ అన్నారు. పొరపాటేమిటి? చెప్పింది చెప్పినట్టు చేసింది కదా! అవతలివాడు ఏం రాసినా చదవక్కర్లేదని ముందే తీర్మానించుకుని, ఆ పాపం ఒక టిక్కు మార్కు మీదకి నెట్టేశారు. రోజూ అందరికీ సీసీలు కొట్టే అలవాటు ఒక్కటి మానుకుంటే ఈ రూల్ అవసరమే ఉండేది కాదు. దాని మీద స్లైడు ఎందుకు లేదు? ముందు ఆ కుర్రాడి ఐదు రోజుల జీతం వెనక్కివ్వండి. తర్వాత మీ ఇన్‌బాక్సుకి ఏ రంగు పూసుకుంటారో పూసుకోండి.