హోరు తగ్గుతుంది, హారన్ తగ్గదు

నెల్లూరులో ఒంగోలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న మనిషి చెవిలో నాలుగైదు రకాల శబ్దాలు ఒకేసారి పడతాయి. కాళ్ల కింద ఇంజన్ హోరు, వదులైన అద్దాల గడగడ, ఎదురొచ్చే లారీల హారన్ మోత, వెనక సీట్లో ఫోన్ మాట్లాడే పెద్దాయన గొంతు, కిటికీలోంచి గాలి రొద. మన భాషలో వీటన్నిటికీ వేరువేరు పేర్లున్నాయి. శబ్దాన్ని తగ్గిస్తామనే వైర్‌లెస్ హెడ్‌ఫోన్ల పెట్టె మీద మాత్రం ఒకటే అంకె ఉంటుంది: 45 డెసిబెల్స్ వరకు. కొనేవాళ్లు ముందుగా ఆ ‘వరకు’ దగ్గర ఆగాలి.

ఆ అంకె సగటు కాదు. ఆ యంత్రం ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, కొలత హెర్ట్జ్) దగ్గర అన్నిటికన్నా బాగా పనిచేస్తుందో అక్కడి గరిష్ఠం. సాధారణంగా అది బాగా లోతైన హోరు దగ్గర ఉంటుంది. 20 డెసిబెల్స్ తగ్గడమంటే శబ్దశక్తి నూరో వంతుకు పడిపోవడం, 40 అంటే పదివేలో వంతుకు. బస్సులోని మొత్తం గోల అలా పడిపోదు, అందులో ఒక్క పొర మాత్రమే పడిపోతుంది. మిగతా పొరల సంగతి పెట్టె మీద రాయరు.

కారణం అల పొడవులో ఉంది. బయటి మైకు హోరును పట్టుకుంటుంది, చిప్పు దానికి తిరగబడిన అలను తయారుచేస్తుంది, స్పీకరు దాన్ని చెవి దగ్గర వదులుతుంది. ఎత్తు మీద పల్లం పడి రెండూ చదునవుతాయి. 100 హెర్ట్జ్ హోరు అల పొడవు సుమారు 3.4 మీటర్లు. అంత పెద్ద అల మీద తిరగబడిన అల కాస్త అటూ ఇటూ పడినా నష్టం లేదు. 5,000 హెర్ట్జ్ కీచుశబ్దం అల పొడవు 7 సెంటీమీటర్ల లోపే. అక్కడ రవ్వంత ఆలస్యమైనా ఎత్తు మీద ఎత్తు పడి శబ్దం పెరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే సుమారు వెయ్యి హెర్ట్జ్ దాటాక చిప్పు చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. అక్కణ్నుంచి పనంతా చెవి చుట్టూ ఉన్న కుషన్‌ది.

ఈ విద్య విమానాల కోసం పెరిగింది. మూల ఆలోచనకు జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌కు 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. 1978లో జూరిక్ నుంచి విమానంలో వెళ్తూ, ఇంజన్ హోరులో సంగీతం సరిగా వినపడక బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ లెక్కలు వేయడం మొదలుపెట్టారు. పైలట్ల హెడ్‌సెట్ 1989లో, ప్రయాణికుల కోసం క్వైట్‌కంఫర్ట్ హెడ్‌ఫోన్లు 2000లో అమ్మకానికి వచ్చాయి. విమానంలో కిటికీలు తెరుచుకోవు, ఇంజన్ ఒకే శ్రుతిలో గంటలకొద్దీ మోగుతుంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేవి ఏసీ బస్సు, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ చైర్‌కారు, గోడ అవతల జనరేటర్ నడిచే గది. అక్కడ ఇవి ఇచ్చే సుఖం నిజంగా పెద్దది. కిటికీ తెరిచిన పల్లెవెలుగులో అదే సుఖం ఆశించడం న్యాయం కాదు.

దుకాణంలో కుర్రవాడు “ఇది పెట్టుకుంటే పిలిచినా వినపడదన్నా” అంటాడు. మనిషి మాటలోని కింది గొంతు కొంత తగ్గుతుంది. కానీ పలికే ప, త, స, ష లాంటి హల్లుల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, అది మిగిలిపోతుంది. గొంతు పలచబడుతుంది, మాట మాత్రం అర్థమవుతూనే ఉంటుంది. హాస్టల్లో పక్కవాళ్ల కబుర్ల బాధకే కొనదలచిన విద్యార్థి తక్కువ ధర ఏఎన్‌సీ (తిరగబడిన అలతో హోరు తగ్గించే) హెడ్‌ఫోన్ల మీద ఐదువేలు పోయడం కన్నా మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ సరిగ్గా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టుకోవడం మేలు. మాటల స్థాయిలో అవే ఎక్కువ ఆపుతాయి.

పెట్టె మీద ఇంకో మూడక్షరాల మోసం కూడా ఉంది. ఏఎన్‌సీ మీ చెవికి, ఈఎన్‌సీ అవతలివాళ్ల చెవికి. రెండోది కాల్‌లో మీ మైకులోకి వెళ్లే గోలను తగ్గిస్తుంది, మీ చుట్టూ ఉన్న గోలను కాదు. ‘ఈఎన్‌సీ నాయిస్ క్యాన్సిలేషన్’ అని పెద్దక్షరాల్లో చూసి కొనుక్కున్నవాళ్లు ఇంటికెళ్లాక పాడైందని తిరిగి తెస్తుంటారు. పాడవలేదు, అది ఆ పని చేసేది కాదు.

నా దృష్టిలో మార్కుల్లో సగం కుషన్‌కే ఇవ్వాలి. చిప్పు ఎంత మంచిదైనా చెవి చుట్టూ సీలు లేకపోతే లోతైన హోరే ముందు లోపలికొస్తుంది, పాటలో డప్పు, మృదంగం బలం కూడా అదే సందులోంచి బయటికి పోతుంది. ఆ సందు ఎక్కణ్నుంచి వస్తుందో చూడండి. కళ్లజోడు కాడ మందంగా ఉంటే కుషన్ దాని రెండు పక్కలా లేస్తుంది. పెద్ద బుట్టకమ్మలు కింది అంచును ఎత్తిపడతాయి. ఒత్తుగా అల్లిన జడ చెవి వెనక పడితే అక్కడ ఖాళీ. మాట్లాడినా నమిలినా దవడ కదిలి సీలు ఊగుతుంది. సన్నని లోహపు కాడలున్న కళ్లజోడుతో ఇబ్బంది తక్కువ, ప్లాస్టిక్ ఫ్రేముతో ఎక్కువ. కాబట్టి రోజూ పెట్టుకునే కళ్లజోడు, కమ్మలతోనే దుకాణానికి వెళ్లాలి.

ఇక చెమట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, చెవి చుట్టూ మూసేసిన కుషన్ లోపల ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘ప్రొటీన్ లెదర్’ అని అందంగా రాసినా చాలావాటి పైపొర పాలీయూరిథేన్. తేమ తగులుతూ ఉంటే దాని బంధాలు తెగుతాయి. సముద్రగాలి తగిలే మన ఊళ్లలో రెండు మూడు వేసవులకు అది నల్లటి పొట్టులా రాలి చెవికి అంటుకోవడం మామూలే. పొర చిట్లిన రోజు నుంచి సీలు పోతుంది, హోరు తగ్గదు, కొన్నిట్లో సన్నని కూత కూడా మొదలవుతుంది. చెవి వైపున్న లోపలి మైకు తన స్పీకరునే విని తిరిగి వాయించడం వల్ల వచ్చే కూత అది. జనం దాన్ని బోర్డు పోయిందనుకుంటారు. ముందు కుషన్ మార్చి చూడాలి.

అందుకే కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ మోడల్‌కు ఒరిజినల్ కుషన్లు విడిగా దొరుకుతాయా, ఎంతకు? నెట్‌లో మూడువందలకు దొరికే లావుపాటి కుషన్ వేస్తే చెవికీ లోపలి మైకుకూ మధ్య దూరం మారుతుంది, కంపెనీ చేసిన సర్దుబాటు లెక్క తప్పుతుంది, శబ్దం తగ్గింపు దెబ్బతింటుంది. మార్చేటప్పుడు ఎడమ, కుడి చూసుకోవాలి. లోపలి పలుచని జాలీగుడ్డ మైకు రంధ్రాన్ని మూయకూడదు. క్లిప్పులు అన్నీ టక్కుమని పడాలి, ఒక్కటి పడకపోయినా అక్కడే సందు. వాడాక పొడిగుడ్డతో తుడిచి పదినిమిషాలు గాలికి ఉంచి పెట్టెలో పెట్టాలి. స్పిరిట్‌తో తుడిస్తే పైపొర ఇంకా త్వరగా పోతుంది.

సీలింగ్ ఫ్యాను సంగతి సమీక్షల్లో తక్కువగా కనిపిస్తుంది. ఫ్యాను మోటారు హోరును ఇవి బాగానే తగ్గిస్తాయి. అదే ఫ్యాను గాలి నేరుగా బయటి మైకు రంధ్రం మీద కొడితే మైకు దాన్ని శబ్దమనుకుంటుంది, లేని హోరుకు తిరగబడిన అల తయారుచేసి చెవిలో బుడబుడమని వాయిస్తుంది. బస్సు కిటికీ గాలికీ ఇదే జరుగుతుంది. యాప్‌లో గాలి శబ్దం తగ్గించే మోడ్ ఉంటే అది బయటి మైకుల పాత్ర తగ్గిస్తుంది. శబ్దం తగ్గింపు కాస్త పడిపోతుంది, బుడబుడ పోతుంది. ఆ మోడ్ లేని మోడల్ మన ఇళ్లకు సరిపోదు.

దుకాణంలో పరీక్షకు ఇరవై నిమిషాలు అడగండి. మొదట పవర్ ఆపి పెట్టుకుని చుట్టూ మాటలు ఎంత తగ్గాయో వినండి. అది కుషన్ బలం. తర్వాత పాట లేకుండా ఏఎన్‌సీ ఆన్ చేసి, ఏసీ బయటి యూనిట్ దగ్గరో, వీధిలో జనరేటర్ పక్కనో నిలబడి మూడుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. ఫోన్లో రికార్డు చేసిన బస్సు శబ్దాన్ని ఇంకో ఫోన్ స్పీకరులో వాయించి పరీక్షించడం వృథా. ఆ బుల్లి స్పీకరు లోతైన హోరును పలికించలేదు. తల అటూ ఇటూ తిప్పండి, వంగండి, మాట్లాడండి. ఫ్యాను కింద నిలబడండి. నిశ్శబ్దమైన మూలలో సుయ్‌మనే సన్నని శబ్దం వస్తుందేమో గమనించండి. కొందరికి చెవి మూసుకుపోయినట్టు, ఒత్తిడి ఉన్నట్టు అనిపిస్తుంది. గాలి పీడనం ఏమీ మారదు, లోతైన శబ్దాలు ఒక్కసారిగా పోవడాన్ని మెదడు అలా అర్థం చేసుకుంటుందంటారు. అది తలనొప్పిగా మారేవాళ్లకు స్థాయి తగ్గించే వీలున్న మోడలే కొనాలి. బరువు కూడా ఈ ఇరవై నిమిషాల్లోనే తెలుస్తుంది. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 సుమారు 250 గ్రాములు, సెన్‌హైజర్ మొమెంటమ్ 4 సుమారు 293, యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 దగ్గర. చెన్నై దాకా వెళ్లొచ్చే మెడకు ఆ తేడా చిన్నది కాదు.

కోడెక్‌ల (పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల) మీద జరిగే చర్చకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఎల్‌డీఏసీ అనే కోడెక్ సెకనుకు 990 కిలోబిట్స్ వరకు పంపగలదు, నిజమే. కానీ రద్దీలో సిగ్నల్ తెగకుండా 330కి దిగిపోతుంది, ఐఫోన్ దాన్ని అసలు పంపదు, బస్సులో ఆ తేడా వినడం కష్టం. దానికన్నా మీటింగుల్లో పనిచేసేవాళ్లకు ఇంకో విషయం ముఖ్యం. మైకు ఆన్ అయిన క్షణం బ్లూటూత్ మాటల మార్గంలోకి మారుతుంది, శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని కొలిచే లెక్క) చాలావాటిలో 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది, శబ్దం ఒక్కసారిగా డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకునే ఎంచుకుంటే హెడ్‌ఫోన్లలో నాణ్యత అలాగే ఉంటుంది.

బ్యాటరీ గంటలు ఇప్పుడు సమస్య కాదు, 30 గంటలు మామూలైపోయింది. సమస్య వేడి. లిథియం అయాన్ సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మే నెల మధ్యాహ్నం నీడలోనే 42 దాటే రోజులుంటాయి, ఎండలో ఆపిన కారు లోపల ఇంకా ఎక్కువ. డాష్‌బోర్డు మీద పెట్టి పవర్‌బ్యాంకుకు తగిలించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. బ్యాటరీ అయిపోయాక వైరుతో పనిచేస్తుందా అనేది కూడా చూడాలి, కొన్ని మోడళ్లు వైరు పెట్టినా పవర్ లేకుండా పలకవు. అధీకృత సర్వీసు నెల్లూరు, ఒంగోలులో ఉందా, చెన్నైకో విజయవాడకో కొరియర్ చేయాలా అని బిల్లు రాయించకముందే అడగండి. పెట్టె మీద ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడండి. ‘ఫస్ట్ కాపీ’ అనే నకిలీ సరుకును చాలాసార్లు కంపెనీ యాప్ గుర్తించదు. దుకాణంలోనే యాప్‌తో జత చేయిస్తే ఆ సందేహం చాలావరకు అక్కడే తీరుతుంది.

వీటి అసలు మేలు సంగీతం కన్నా చెవి ఆరోగ్యం. హోరును దాటి వినాలని అందరం వాల్యూమ్ పెంచుతాం. హోరు తగ్గితే ఆ పెంచే అవసరం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్స్‌కు వినే సమయం సగం కావాలి, అంటే 83లో 20 గంటలే, 86లో 10. ఏఎన్‌సీ పెట్టుకుని కూడా పాత వాల్యూమ్‌లోనే వింటే ఆ మేలంతా పోతుంది.

ఈ మేలును చూసి వీటిని రక్షణ పరికరాలనుకోవడం మాత్రం ప్రమాదం. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో రాయి కోసే రంపం కీచు చిప్పు పట్టుకోలేనంత పైశ్రుతిలో ఉంటుంది, డ్రిల్లింగ్ దెబ్బలు దాని లెక్కకు అందనంత హఠాత్తుగా వస్తాయి. అక్కడ కావాల్సింది ఎంత శబ్దం ఆపుతాయో రేటింగ్ ముద్రించిన పారిశ్రామిక ఇయర్‌మఫ్‌లు. హైవే మీద బండి నడిపేవాళ్ల చెవులకు ఏదీ ఉండకూడదు.

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల కాపలా గదుల్లోనూ ఇవి కనిపిస్తే వెంటనే చెప్పాల్సిన మాట ఒకటుంది. రాత్రంతా ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) హోరులో నిద్ర చెడుతుంది, దాన్ని తగ్గించుకోవాలనిపించడం సహజం. కానీ ఆ హోరు ఆగడమే అక్కడ ప్రమాద సూచన. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, అది ఎలాగూ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చెవిలో హోరు ముందే తీసేసుకున్న మనిషికి బయట అది ఆగిన సంగతి తెలియదు. కాపలా వంతు ఉన్న రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టెలోనే ఉండాలి. వంతు లేని రాత్రి పెట్టుకుని పడుకోవాలన్నా, కరెంటు పోతే మోగే సైరన్ గదిలో ముందు బిగించాలి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్నా అది లేపుతుందో లేదో ఒకసారి మోగించి చూసుకోవాలి.