సొంతంగా చదివేవారికి దారి వదలండి

ఉద్యోగం చేసుకుంటూనో, రిటైరయ్యాకో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజకీయ సిద్ధాంతాలు తమంతట తాము చదివేవారు తెలుగునాట తక్కువేం లేరు. ఊరి గుడిలో శాసనాన్ని ఫొటో తీసి అర్థం చెప్పమని అడిగే టీచరు, రాష్ట్రం అప్పుల లెక్క తేల్చుకోవాలని కూర్చునే బ్యాంకు ఉద్యోగి, రాజ్యాంగ సభ చర్చలు వరసపెట్టి చదివే లాయరు మనకు తెలిసినవారే. విశ్వవిద్యాలయాలు వీరిని చిన్నచూపు చూస్తాయి. యూట్యూబేమో నెత్తిన పెట్టుకుంటుంది. రెండింటి వల్లా వీరికి నష్టమే.

పట్టా లేనివాడికి చరిత్రతో పనేంటని అడిగేవారు మల్లంపల్లి సోమశేఖర శర్మను తలచుకోవాలి. కాలేజీ డిగ్రీ లేని ఆయన మద్రాసు గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకున్నారు, కొమర్రాజు లక్ష్మణరావు వెంట విజ్ఞాన సర్వస్వం పని చేశారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగునేల మీద ఏం జరిగిందో చెప్పే ముసునూరి నాయకుల చరిత్రను 1945లో పుస్తకంగా తెచ్చారు. అందుకు దొరికిన ఆధారాల్లో ముఖ్యమైనది రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం. ముసునూరి కాపయ నాయకుణ్ని 75 మంది నాయకులు కొలిచారని అందులో ఉంది. అయితే ఆ శాసనం 1423 నాటిది. అంటే ఓరుగల్లు పతనానికి సరిగ్గా వందేళ్ల తర్వాతి మాట. అదే వంశంలో కాపయకు ముందు ఏలిన ప్రోలయ నాయకుడు స్వయంగా ఇచ్చిన విలస తామ్రశాసనం ఆ కాలానిదే కానీ, అది గెలిచినవాడు తన గురించి తాను చెప్పించుకున్న ప్రశస్తి. ఒకటి ఆలస్యపు సాక్ష్యం, రెండోది సొంత డప్పు. దేన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే చరిత్రకారుడి పని. ఆ విలస శాసనాన్ని నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించింది కూడా శర్మగారే.

‘మా కులంవాళ్లంతా ఒకప్పుడు రాజులే’ అని అరగంట వీడియోలు చేసేవారు చేయనిది సరిగ్గా ఈ పనే. ఒక శాసనం పట్టుకుంటారు, నచ్చిన రెండు పంక్తులు చదువుతారు, మిగతాది వదిలేస్తారు. అసలు తెలుగువాళ్లలో రాజులు కానివారు ఎవరైనా ఉండేవారా అని ఇవి చూశాక అనుమానం వస్తుంది! రాజులను పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లో వెతికిన సురవరం ప్రతాపరెడ్డి వృత్తిరీత్యా లాయరు, పత్రికా సంపాదకుడు. సాహిత్య అకాడమీ తెలుగులో తొలి పురస్కారం ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే ఇచ్చింది.

అప్పట్లో ఇలాంటివారికి ఆసరా ఉండేది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం, 1906లో పుస్తకాలు ప్రచురించే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టాయి. మండలి తెచ్చిన తొలి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర. వంటమనిషిగా, హోటల్ సర్వర్‌గా పనిచేసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు.

ఇప్పుడు ఆర్థిక విషయాల్లో సమాచారానికి కొరత లేదు. బడ్జెట్ పుస్తకాలు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చదవడం నేర్పేవారే లేరు. అందులో ఒక్కో పద్దుకు ఎదురుగా నాలుగు అంకెలు ఉంటాయి: గత ఏటి వాస్తవ లెక్క, ఈ ఏటి అంచనా, దాని సవరణ, వచ్చే ఏటి అంచనా. మంత్రిగారు సభలో చదివేది, మర్నాడు పత్రికల్లో (మాతో సహా) పతాక శీర్షికకు ఎక్కేది ఆ చివరి అంకె. చెప్పినదాంట్లో ఎంత ఖర్చుపెట్టారో తెలియాలంటే ఏ ఏడాది అంచనానైనా రెండేళ్ల తర్వాతి పుస్తకంలోని వాస్తవ లెక్కతో పోల్చి చూడాలి. అందుకు కాస్త ఓపిక, రెండు పుస్తకాలు చాలు.

విశ్వవిద్యాలయాలు తమ లైబ్రరీల్లోకి బయటి పాఠకులను నామమాత్రపు రుసుముతో రానివ్వాలి. శాసనాలు చదవడం, బడ్జెట్ చదవడం నేర్పే సాయంత్రం తరగతులు పెట్టాలి. ‘మీ వాదన ఇక్కడ తప్పు’ అని మర్యాదగా చెప్పే అధ్యాపకుడు ఒక్కరు దొరికినా, సొంతంగా చదివేవారికి అంతకుమించిన సాయం లేదు. జిల్లా గ్రంథాలయాలు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండిపోతున్నాయి. వారిని తప్పుపట్టలేం, వారికి వేరే చోటు లేదు. అలాగని గైడ్లతోనే బీరువాలు నింపితే ఎలా? కొత్త చరిత్ర, ఆర్థిక గ్రంథాలు కొనడానికి నిధుల్లేవని ఎప్పుడడిగినా జవాబు వస్తుంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. దాన్ని వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెడుతున్నాయి. ముందు ఆ బకాయిలు కట్టించండి.