వన్నికి అప్పే ముందు చేరింది

2009 మేలో శ్రీలంక యుద్ధం ముగిసేసరికి ఆ దేశపు ఉత్తర ప్రాంతమైన వన్ని నుంచి బయటపడ్డ తమిళులు దాదాపు 3 లక్షల మంది వవునియా దగ్గరి మెనిక్ ఫామ్ లాంటి శిబిరాల్లో ముళ్లకంచెల వెనక ఉన్నారు. 2012 సెప్టెంబరులో మెనిక్ ఫామ్‌ను మూసేసి, పునరావాసం అయిపోయిందని ప్రభుత్వం చెప్పుకుంది. అందులోంచి చివరగా కదిలించిన వాళ్లలో ముల్లైత్తీవు జిల్లా కెప్పాపులవు జనం ఉన్నారు. వాళ్ల ఊరు అప్పట్లో సైన్యం చేతిలో ఉంది కాబట్టి వాళ్లను వేరే చోట దింపారు. లెక్కలో మాత్రం వాళ్లూ ఇంటికి చేరినట్టే.

సొంత ఊరికి నిజంగానే చేరిన రైతు కుటుంబం పరిస్థితి చూద్దాం. బావి పూడిపోయింది. మందుపాతరలు తీసేదాకా చేలో అడుగు పెట్టే వీలు లేదు. ఆఖరి నెలల్లో ఊరి నుంచి ఊరికి పరిగెత్తినప్పుడే ట్రాక్టరు, గొడ్డూ గోదా, విత్తనాలు దారి పొడుగునా వదిలేశారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ గూడు కోసం ఇచ్చింది 25,000 శ్రీలంక రూపాయలు. ఆ తర్వాత భారత ప్రభుత్వ గృహ పథకం వచ్చింది. ఇంటికి 5,50,000 రూపాయలు, పని జరిగేకొద్దీ విడతలుగా. ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకునే ఆ పద్ధతి మంచిదే. కానీ ఊళ్లన్నీ ఒకేసారి కట్టడం మొదలుపెడితే ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి ధరలు ఆగుతాయా? చాలామంది మిగిలిన నగలు తాకట్టు పెట్టి, అప్పు చేసి ఇల్లు పూర్తి చేశారు. ఇల్లు ఆస్తే, కాదనను. అయితే అది నెలనెలా డబ్బు తెచ్చిపెట్టదు.

అంతకుముందే, ఉత్తరాన్ని మిగతా దేశంతో కలిపే ఏ9 రహదారి తెరుచుకుంది. దాని వెంట వాయిదాల మీద వాహనాలిచ్చే లీజింగ్ కంపెనీలు, మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు దిగారు. పూచీకత్తు అడగరు, గ్రూపులో సంతకం పెడితే చాలు. చిక్కంతా కిస్తీల దగ్గర వచ్చింది. వరి డబ్బు కోతలప్పుడే చేతికొస్తుంది, కిస్తీ మాత్రం వారం వారం కట్టాలి. ఒక కంపెనీకి కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, ఏజెంటు వచ్చే రోజంటే పొద్దున్నుంచే టెన్షన్. కరవు వచ్చాక ఇది భరించలేని స్థాయికి చేరింది. 2018లో ప్రభుత్వం 12 కరవు జిల్లాల్లో మహిళలకు లక్ష రూపాయల లోపు మైక్రోఫైనాన్స్ రుణాలు మాఫీ చేయాల్సి వచ్చింది. అంతకుముందు ఇచ్చిన జీవనోపాధి సాయమూ అంతంతమాత్రమే: ఊరంతటికీ కోళ్లు పంచితే గుడ్లు కొనేదెవరు?

భర్త కనబడకుండా పోయిన ఇంట్లో ఇబ్బంది ఇంకా లోతు. భూమి పత్రం ఆయన పేరు మీద ఉంటుంది. దాన్ని మార్చుకోవాలంటే మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. తీసుకుంటే ఆయన చనిపోయాడని తానే ఒప్పుకున్నట్టు. ‘ఆచూకీ లేదు’ అని ధ్రువపత్రం ఇచ్చే చట్టం 2016లో గానీ రాలేదు. అంటే యుద్ధం ముగిశాక ఏడేళ్లు. బ్యాంకు మెట్లెక్కడానికి కాగితం లేని ఆ ఏడేళ్లలో కాగితం అడగని ఏజెంటే దిక్కయ్యాడు. ఈ అప్పులకు కారణం ఆడవాళ్ల ఆర్థిక అవగాహన లోపమే అనడం నాకు మింగుడుపడదు.

తీరంలో ఇంకో కథ. యుద్ధకాలపు ఆంక్షలు పోయాయని పడవ దించితే, తమిళనాడు ట్రాలర్లు వలలు తెంచుకుపోయాయి. సముద్రం అడుగును ఊడ్చేస్తూ వల లాగే ఈ బాటమ్ ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లో నిషేధించింది. గొడవ తెగలేదు.

నా దృష్టిలో తప్పంతా వరసలో ఉంది. ముందు భూమి, దాని కాగితం, ఆ తర్వాత పెట్టుబడి రావాలి. ఇక్కడ అప్పు అన్నిటికన్నా ముందొచ్చి కూర్చుంది. ఉత్తర శ్రీలంకలో యుద్ధానికి ముందు నుంచీ రైతులకూ జాలర్లకూ సహకార సంఘాలున్నాయి. ఏ ఇంటికి ఏ నెలలో డబ్బొస్తుందో ఊళ్లోని సంఘానికి తెలుసు, కోతల దాకా ఆగనూ గలదు. మొదటి రెండేళ్లలో పెట్టుబడి డబ్బు వాటి ద్వారా ఇచ్చి ఉంటే ఏజెంటుకు అంత గిరాకీ ఉండేది కాదు.