బస్సెక్కేవాళ్లు ఊరికే తిరగట్లేదు

"కార్లున్నవాళ్లం పెట్రోల్ మీద సెస్ కడతాం, టోల్ కడతాం. ఆ డబ్బుతోనే హైవేలు వేస్తారు. బస్సులకీ మెట్రోలకీ మాత్రం కేంద్రం మన పన్నులు ధారపోస్తోంది." రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలయ్యాక ఈ మెసేజ్ ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి తిరుగుతూనే ఉంది. చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. మొదటి వాక్యం నిజమే. తర్వాతి రెండూ తప్పు.

"ఆ డబ్బుతోనే హైవేలు వేస్తారు"

2024-25 బడ్జెట్‌లో కేంద్ర రహదారుల శాఖకు ఇచ్చింది దాదాపు రూ.2.78 లక్షల కోట్లు. ఏడాది టోల్ వసూళ్లు అందులో మూడో వంతు కూడా ఉండవు. జాతీయ రహదారుల్లో సగానికి పైగా టోలే లేదు, ఉన్నచోట వసూలయ్యే దాంట్లోనూ కొంత ప్రైవేటు ఆపరేటర్లకు పోతుంది. ఇక రోడ్డు సెస్, అంటే రోడ్ల పేరుతో ఇంధనం మీద వేసే అదనపు పన్ను. 2022 మేలో తగ్గించాక అది లీటరు పెట్రోల్‌కు 5 రూపాయలు, డీజిల్‌కు 2 రూపాయలు అయింది. టోలూ సెస్సూ కలిపినా ఆ బడ్జెట్‌లో సగానికి చేరవు. మిగతాది ఖజానా నుంచే రావాలి. అంటే సబ్బు బిళ్ల కొన్నప్పుడు జీఎస్టీ కట్టే మనిషి కూడా హైవేకు డబ్బు పెడుతున్నట్టే, ఆమెకు జన్మలో కారు లేకపోయినా సరే.

2022 నాటికి జాతీయ రహదారుల సంస్థ అప్పు రూ.3.5 లక్షల కోట్ల దాకా పెరిగింది. ఆ తర్వాత దాన్ని మార్కెట్‌లో కొత్త అప్పులు చేయనివ్వకుండా కేంద్రమే బడ్జెట్ నుంచి డబ్బిస్తోంది. రోడ్లు తమ ఖర్చు తామే రాబట్టుకుంటుంటే ఆ అవసరం ఎందుకొచ్చింది?

"కట్టేది కార్లవాళ్లమే"

మెసేజ్‌లో పైకి అనకపోయినా, దాని వెనకున్న ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టేది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటాలి. ఆ బస్సుకూ ఫాస్టాగ్ ఉంటుంది. ఆ టోల్ భారం టికెట్ ధరలో కలిసి, పక్క సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ మీదే పడుతుంది. 2008 టోల్ నిబంధనల్లో కిలోమీటరుకు పెట్టిన మూల ధర కారుకు 65 పైసలు, బస్సుకు 2 రూపాయల 20 పైసలు. అంటే మూడు రెట్లకు పైనే. బస్సు బరువెక్కువ, రోడ్డు ఎక్కువ అరుగుతుంది, కాబట్టి ఆ తేడా అన్యాయం అనను. కానీ బస్సువాళ్లు కట్టట్లేదని మాత్రం అనకండి. డీజిల్ మీద సెస్ కూడా ఆర్టీసీ కడుతూనే ఉంది.

"బస్సులకీ మెట్రోలకీ ధారపోస్తోంది"

బస్సుల సంగతి చూద్దాం. పీఎం ఈ-బస్ సేవ అనే కేంద్ర పథకం కింద 10,000 ఎలక్ట్రిక్ బస్సులు నడపడానికి 2023 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న సాయం రూ.20,000 కోట్లు. అదీ పదేళ్ల పాటు. ఏడాదికి సగటున రూ.2,000 కోట్లు, అంటే హైవేల బడ్జెట్‌లో నూటికి ఒక వంతు కూడా కాదు. దీన్ని ధారపోయడం అంటారా?

మెట్రోకు వస్తే, హైదరాబాద్ మొదటి దశకు కేంద్రం మంజూరు చేసిన వయబిలిటీ గ్యాప్ సాయం (సొంతంగా గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు ఆ లోటు పూడ్చడానికి ఇచ్చే డబ్బు) రూ.1,458 కోట్లు. అంచనా వ్యయంలో అది పదో వంతు చుట్టూ ఉంటుంది. 2024లో పంపిన రెండో దశ ప్రతిపాదన రూ.24,269 కోట్లది. అందులో రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రం నుంచి కోరింది 18 శాతం, సగానికి దగ్గరగా అప్పు. అప్పు తీర్చాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ లోకల్ రైళ్లు, అదే ఎంఎంటీఎస్, రెండో దశలో అయితే పట్టాలు రైల్వేవి, రైళ్లు రైల్వేవి, ఖర్చులో మూడింట రెండొంతులు మాత్రం రాష్ట్రం మీద పెట్టారు. జాతీయ రహదారి వేసేటప్పుడు రాష్ట్రాన్ని ఇంత వాటా అడగరు.

ఇక ఉచిత బస్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకాలు రాష్ట్రాలవి. కండక్టర్ కొట్టే ప్రతి జీరో టికెట్‌కూ ఆర్టీసీకి డబ్బు చెల్లించాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. పథకం బాగుందా లేదా అని వాదించుకోండి, అది వేరే చర్చ. కేంద్రం హైవే డబ్బుకూ ఆ టికెట్‌కూ ఏ సంబంధమూ లేదు.