గట్టిగా వాయించలేకపోవడమే కలిసొచ్చింది

బ్రిటన్ రాక్ బ్యాండ్ ఆల్ట్-జె పాట మొదటిసారి వింటే, ఏదో వాయిద్యం రికార్డింగ్‌కి రాలేదేమో అనిపిస్తుంది. సింబల్స్ ఝల్లుమనవు, డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడంత ఖాళీ. దీనికి సగం కారణం పక్క గదుల్లో ఉన్న కుర్రాళ్లే. 2007లో లీడ్స్ యూనివర్సిటీలో బ్యాండ్ మొదలైనప్పుడు వీళ్లు హాస్టల్లో ఉండేవారు. గోల చేస్తే కుదరదు కాబట్టి బేస్ గిటార్, బేస్ డ్రమ్ పక్కన పెట్టేశారు. జో న్యూమన్, గ్విల్ సెయిన్స్‌బరీ, థామ్ గ్రీన్ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు. గస్ అంగర్-హామిల్టన్‌ది ఇంగ్లిష్ సాహిత్యం.

మొదట్లో బ్యాండ్ పేరు దల్జీత్ ధాలివాల్. బ్రిటన్‌లో పుట్టిన ఒక పంజాబీ న్యూస్ రీడర్ పేరది! తర్వాత ఫిల్మ్స్ అన్నారు. అమెరికాలో అలాంటి పేరుతోనే ఇంకో బ్యాండ్ ఉండటంతో, మ్యాక్ కంప్యూటర్‌లో త్రికోణం గుర్తు కోసం నొక్కే ఆల్ట్, జె మీటలే చివరికి పేరయ్యాయి.

చదువయ్యాక కేంబ్రిడ్జ్ చేరారు. ఇన్ఫెక్షస్ మ్యూజిక్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది 2011 చివర్లో. 2012లో మొదటి ఆల్బమ్ 'యాన్ ఆసమ్ వేవ్' వచ్చింది, బ్రిటన్‌లో ఏటా ఒక మేటి ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ అదే ఏడాది కొట్టింది. రాత్రికి రాత్రే వచ్చిన పేరులా కనిపించినా వెనక అయిదేళ్లున్నాయి. ఆ అయిదేళ్లూ తొందరపెట్టేవాళ్లు లేకపోవడం వాళ్ల అదృష్టమని నా లెక్క. అందులోని 'ఫిట్జ్‌ప్లెజర్' పాటలో బేస్ విరుచుకుపడితే ఉలిక్కిపడతాం. మిగతా చోట్ల దాన్ని అంత పొదుపుగా వాడారు మరి. 'టారో' పాట ఇంకా విచిత్రం. 1954లో ఇండోచైనాలో మందుపాతర మీద కాలేసి చనిపోయిన ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా, 1937లోనే స్పెయిన్ యుద్ధంలో పోయిన అతని ప్రేయసి గెర్డా టారో దగ్గరికి చేరతాడు. ఇంత విషాదం చెప్పి మధ్యలో గంతులేయించే ట్యూన్ వాయిస్తారు. నా చెవికి అది పంజాబీ పెళ్లి పాటలా ఉంటుంది.

చిక్కు ఆ తర్వాతే మొదలైంది. 2014 జనవరిలో సెయిన్స్‌బరీ తప్పుకున్నాడు. అమెరికాలోని వీళ్ల రికార్డు కంపెనీ పెద్ద హిట్ కావాలంది. వీళ్లు దాన్ని వెక్కిరిస్తూ, మామూలు రాక్ పాట ఎలా ఉంటుందో అచ్చం అలాగే 'లెఫ్ట్ హ్యాండ్ ఫ్రీ' కట్టేశారు. ఇరవై నిమిషాల పని అన్నారు. తీరా ఆ వెక్కిరింత పాటే జనాల్లోకి దూసుకెళ్లింది, 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' సినిమాలోనూ వినిపించింది. ఆ పాటున్న ఆల్బమ్ 'దిస్ ఈజ్ ఆల్ యువర్స్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 2015లో న్యూయార్క్‌లోని పేరున్న పెద్ద వేదిక మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించారు.

2017 నాటి ఆల్బమ్ 'రిలాక్సర్' మళ్లీ మెర్క్యురీ పోటీదాకా వెళ్లింది గానీ నాకు ఎక్కలేదు. ఆర్కెస్ట్రా ఉంది, అరుపులున్నాయి, ఏది కావాలంటే అది ఉంది. అడ్డు చెప్పే పక్క గదే లేదు. ఎనిమిది పాటల్లో నాలుగైదు బ్యాండ్‌లు వినిపిస్తాయి.

2022లో వచ్చిన ఆల్బమ్ 'ద డ్రీమ్' నయం. అందులో 'గెట్ బెటర్' అనే పాట మనిషి పోయిన దుఃఖాన్ని దాదాపు గొంతు, గిటార్‌తోనే చెబుతుంది. మొదటి ఆల్బమ్ పాటల సరసన నిలబడే పాట అది. క్రిప్టో డబ్బుతో కోటీశ్వరుడైన కుర్రాడి మీద కట్టిన 'హార్డ్ డ్రైవ్ గోల్డ్' మాత్రం మళ్లీ 'లెఫ్ట్ హ్యాండ్ ఫ్రీ' దారే పట్టింది. ఈసారి ఆ వెటకారంలో పస లేదు.