కళ్లు మూసుకుని ఇల్లు అప్పగించమంటే అప్పగిస్తారా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. సొంతూళ్లో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవారికి అయిదు సలహాలట. ఇల్లు చూసుకోవడానికి బంధువును మించిన మేనేజరు లేడు. బయటివాణ్ణి పెట్టాల్సివస్తే అందరికన్నా తక్కువ కమీషన్ అడిగినవాణ్ణి పెట్టుకోవాలి. పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెదారుదైపోతుంది కాబట్టి పదకొండు నెలలకోసారి మనిషిని మార్చే మేనేజరే సమర్థుడు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) ఇచ్చిన నంబరుంటే ఇక విచారించే పనిలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మేనేజరు పేరిట జీపీఏ, అంటే మీ తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం, రాసిచ్చేస్తే మీరు ఊరికి రానక్కరలేదు. చివర పదిమందికీ పంపమని వేడుకోలు. అద్దె అగ్రిమెంట్లు రాయడం నా వృత్తి. ఈ సలహాలు పాటించినవాళ్లు తర్వాత ఏ తగాదాతో వస్తారో చూస్తున్నాను కనుక ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

మొదట బంధువు సంగతి. బంధువులు మోసగాళ్లని నేననను. చిక్కంతా లెక్క దగ్గర వస్తుంది. బోరు మోటారు బాగుచేయించాను, నాలుగున్నర వేలయిందని బావమరిది చెబితే బిల్లు చూపించమని అడగగలరా? "నన్నే అనుమానిస్తున్నావా బావా" అని నొచ్చుకుంటాడు, సాయంత్రానికల్లా వాళ్ల అక్కకు ఫోను వస్తుంది, ఆ తర్వాత ఇంట్లో జవాబు చెప్పుకోవలసింది మీరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మన తరఫున పని చేసేవాడు అడిగినప్పుడల్లా లెక్క చూపించాలి. బంధువుకూ ఇదే వర్తిస్తుంది. కానీ మొహమాటానికి చట్టం దగ్గర మందు లేదు. ఇంకో సంగతి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసిన సేవకు వర్తించదు. ఫీజు తీసుకున్న మేనేజరు పని చెడగొడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఊరికే చేసిపెట్టిన చిన్నాన్న మీద ఆ తలుపు తట్టలేరు. బంధువునే పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, నెలకు ఇంత అని ఇవ్వండి, కాగితం రాసుకోండి.

రెండోది తక్కువ కమీషన్. నెలకు 12,000 అద్దె వచ్చే ఇల్లనుకుందాం. 5 శాతం అడిగేవాడికి 600, 8 శాతం అడిగేవాడికి 960. తేడా ఏడాదికి 4,320 రూపాయలు. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 12,000. బేరమాడవద్దని కాదు, ఆడండి. మేనేజరుకిచ్చే ఫీజును ఆదాయపు పన్నులో విడిగా చూపించుకునే వీలు కూడా లేదు, మున్సిపల్ పన్ను పోగా వచ్చే 30 శాతం మినహాయింపులోనే అన్నీ సర్దుకోవాలి. అయితే కమీషన్ బాగా తగ్గించుకున్నవాడు మిగతాది ఎక్కడ రాబట్టుకుంటున్నాడో చూడాలి. ఒక యజమాని నాకు చూపించిన నెల లెక్కలో మూడే వరుసలున్నాయి: "ప్లంబింగ్ 1,800, మోటారు 4,500, ఇతరములు 900". మోటారుకు రివైండింగ్ చేయించారా, కెపాసిటర్ మార్చారా? మొదటిది వేలతో పని, రెండోది వందలతో తీరిపోతుంది. ఆ ఒక్క మాటలో రెండూ ఇమిడిపోతాయి. ఇక ఆ "ఇతరములు" ఏమిటో దేవుడికే తెలియాలి. సరైన మేనేజరు పంపే లెక్కలో దుకాణం బిల్లు ఫోటో, తీసేసిన పాత సామాను ఫోటో, పని చేసిన మనిషి ఫోను నంబరు ఉంటాయి. మీకు చెప్పకుండా మీ పనిలో సొంత లాభం చూసుకుంటే దాన్ని మీకు ఇమ్మని అడిగే హక్కు ఆ కాంట్రాక్టు చట్టమే ఇస్తోంది. కానీ అడగాలంటే ముందు కాగితం ఉండాలి కదా. కాబట్టి ఎవరినైనా కుదుర్చుకునేముందు, వేరే యజమానికి పోయిన నెల పంపిన లెక్కను పేరు కొట్టేసి చూపించమనండి. తడబడితే అక్కడితో ఆపేయండి.

మూడోది అన్నిటిలోకీ విచిత్రమైనది. పన్నెండేళ్ల గడువు నిజంగానే ఉంది, 1963 కాలపరిమితి చట్టంలో. కానీ అది యజమాని హక్కును కాదని స్థలాన్ని పట్టుకుని కూర్చున్నవాడి విషయం. అద్దెదారు మీ అనుమతితో ఉన్నవాడు. మీరిచ్చిన ఇంట్లో ఉంటూ, ఇల్లు ఇచ్చిననాడు అది మీది కాదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. కాపలాదారు, పనిమనిషి, ఇల్లు చూసుకునేవాడు ఎన్నేళ్లున్నా ఆస్తిలో హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో స్పష్టంగా చెప్పింది. మరి పదకొండు నెలలెందుకు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం అసలు రూపంలో ఏడాదికి మించిన లీజునే రిజిస్టర్ చేయించాలంది కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతటా వచ్చిన అలవాటది, ఉమ్మడి రాష్ట్రం 1999లో చేసిన సవరణతో ఇక్కడ మాత్రం అంతకన్నా తక్కువ గడువు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. గడువు తీరాక అదే మనిషితో కొత్త కాగితం రాసుకోవచ్చు. మనిషిని మార్చమని ఏ చట్టమూ అనలేదు. మరి మారిస్తే లాభం ఎవరికి? కొత్త అద్దెదారు వచ్చినప్పుడల్లా సగం నెలో, నెలో అద్దె తీసుకునే మేనేజరుకు. తక్కువ కమీషన్‌వాడు మిగతాది రాబట్టుకునే చోట్లలో ఇదీ ఒకటి. మీకు మిగిలేది సున్నం ఖర్చు, ఖాళీ నెల. మెడికల్ కాలేజీలోనో యూనివర్సిటీలోనో పనిచేస్తూ వేళకు అద్దె కట్టే కుటుంబాన్ని నాలుగేళ్లు నిలబెట్టుకున్నవాడు అసలైన మేనేజరు. అద్దె మాత్రం మేనేజరు చేతికి కాకుండా నేరుగా మీ బ్యాంకు ఖాతాకు రావాలి. అద్దె కడుతూ ఉన్నాడనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

రెరా సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2016 నాటి ఆ చట్టంలో ఏజెంటంటే ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకం కుదిర్చేవాడు. అద్దె ఇళ్లు చూసుకోవడం దాని పరిధిలో లేదు. ఆ నంబరు ఉండడం మంచిదే, కానీ అది మీ ఇంటి మోటారు లెక్కకు పూచీ కాదు. దానికి బదులు స్థానికంగా పనికొచ్చే ప్రశ్నలు అడగండి. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ వస్తుందని తెలుసా? గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న మీటరు ఏ రేషన్ కార్డుకు ముడిపడి ఉంది, అద్దెదారు మారినప్పుడు ఏం చేస్తారు? యజమాని ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారు టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టి ఉంచి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలని, సెస్సుతో కలిపి అది మామూలుగా 31.2 శాతమని ఎప్పుడైనా విన్నారా? మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లినవారు ఎందరో ఉన్నా, ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవారు తక్కువే.

ఇక జీపీఏ. అద్దె వసూలుకూ నల్లా బాగుచేయించడానికీ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఎందుకు? జీపీఏ ఒక్కదానితో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో చెప్పిన మాట నిజమే. ఆ ధైర్యంతోనే కాబోలు ఈ సలహా ఇస్తున్నారు. కానీ అందులో అమ్మే అధికారం కూడా రాసి ఉంటే, మీ తరఫున సేల్ డీడ్ మీద సంతకం పెట్టగలిగేది ఆ మేనేజరే. కంప్యూటర్లో సిద్ధంగా ఉండే నమూనాలో అమ్మకం, తాకట్టు, దానం వరుసగా ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ. కావలసింది ఒకటి రెండు పేజీల అధికార పత్రం: ఇల్లు చూపించవచ్చు, రెండు వేల లోపు మరమ్మతు అడగకుండా చేయించవచ్చు, అంతకు మించితే ఫోనులో ఒప్పుకోలు కావాలి, అగ్రిమెంటు మీద సంతకం యజమానిదే, గడువు ఏడాది. అమ్మకం, తాకట్టు, అప్పు ఈ మేనేజరు అధికారంలో లేవని విడిగా రాయించండి. ఆ పత్రం నకలు అద్దెదారుకూ ఇవ్వండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా, మేనేజరు పేరు, అతనికి అధికారమిచ్చిన రుజువు, ఏయే పనులకు, ఎంతకాలానికి అన్నవి అద్దెదారుకు తెలపాలంటుంది. నమూనా కనుక రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అది కట్టుబాటు, అయినా పాటించడానికి అడ్డేమీ లేదు.

ఇప్పటికే జీపీఏ ఇచ్చేసినవారు రద్దు పత్రం రాసి బీరువాలో పెట్టుకుంటే సరిపోదు. రద్దు సంగతి మేనేజరుకు తెలిసేదాకా అతని అధికారం సాగుతూనే ఉంటుంది, బయటివారి విషయంలో వారికి తెలిసేదాకా. కాబట్టి రిజిస్టరైన జీపీఏ అయితే అదే కార్యాలయంలో రద్దునూ రిజిస్టర్ చేయించి, మేనేజరుకు, అద్దెదారుకు, ఇంటి మీద అప్పుంటే బ్యాంకుకు రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రసీదులు దాచుకోండి.